అద్భుతకథకుఁ బరిభాష

రసములలో నద్భుతమునకు విస్మయము స్థాయి యని యాలంకారికులు చెప్పిరి. కాని విస్మయమునకు సహజమైన దౌర్బల్య మొకటి కలదు. మొదటిసారి చూచినపుడు నోరు తెఱపించిన వస్తువు రెండవసారి యంతగా నలరింపఁజాలదు. మూఁడవసారి దాని వంకకే చూడము. కరుణమున కీ దౌర్బల్యము లేదు. శాకుంతలమందలి నాలవ యంకమును నూఱుసార్లు చదివినను గన్నులు చెమర్చును. గారడివాని బుట్టలోనుండి పావురము నూఱవసారి యెగిరినపుడు విసుగే పుట్టును. ఇట్లయ్యు నద్భుతకథలలోఁ గొన్ని తరతరములుగా మరల మరలఁ జదువఁబడుచున్నవి. కొన్ని పుట్టిన యేఁడే మూలఁబడుచున్నవి. ఈ భేదమునకుఁ గారణమేమో నిరూపించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

శాస్త్రకల్పన లనియు, అద్భుతకల్పన లనియు నేఁటి పాఠకులు రెండు పేళ్ళతో వ్యవహరించు పాశ్చాత్యగ్రంథము లిపుడు మన యూళ్ళలోఁ గూడ విరివిగాఁ జదువఁబడుచున్నవి. వానిని మెచ్చుకొనువారు "మనకిట్టివి లేవు" అందురు. వానిని గర్హించువారు "మనకివి యెప్పుడో కలవు" అందురు. రెండు మాటలును బరీక్షకు నిలువవు. ఈ పరీక్షకు మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమ తగిన నేల. నల్లమలకుఁ దూర్పువైపున నున్న యీ సీమ 1970 వఱకును గర్నూలు మండలములోనిదై యుండెను. త్రిపురాంతకక్షేత్ర మీ సీమలోనిది. అహోబలము కొండల కావలి పొరుగు. నందికనుమ దాఁటిన నంద్యాల. ఆ నంద్యాల ప్రభువగు కృష్ణమరాజునకే పదునాఱవ శతాబ్దిని బింగళి సూరన తన కళాపూర్ణోదయము నంకితమిచ్చెను. ఆ కవియే రాఘవపాండవీయమును ఆకువీటి ప్రభువగు పెదవేంకటాద్రి ప్రేరణమున రచించెను. ఆకవీ డను గ్రామము గిద్దలూరికిఁ జేరువ రాచర్ల ప్రాంతమున నేఁటికిని గలదు, నామసామ్యము గమనింపఁదగినది. ఇంతకు నల్లమల కిరుప్రక్కల నున్న యీ నేలకును దెనుఁగునందలి యద్భుతకథలలో మేటియగు కావ్యమునకును జుట్టఱికము దూరపుది కాదు.

మొదట రెండు పూర్వపక్షములను ద్రోసివేయవలసియున్నది.

అద్భుతకథ లన్నియుఁ బుక్కిటిపురాణములు, పిల్లలకుఁ దగినవి, వివేకియగు పాఠకుఁడు వానిని ముట్టరాదని యొక పక్షము. ఈ పక్షమువారు జరిగినదే చెప్పవలెనని కోరుదురు. కాని కల్పితకథ యేదియు జరిగినది కాదు. సాంఘికనవలలోని నాయకుఁడు పుట్టిన యూరును లేదు, వాని కెవరును లేరు. లేని మనుష్యుని గల్పించుట దోషము కాదట. లేని గుఱ్ఱమునకు ఱెక్కలు గల్పించుట దోషమఁట! కల్పనమందుఁ దారతమ్యమే కాని జాతిభేదము లేదు.

రెండవ పక్షము దీనికంటె నపాయకరమైనది. పుష్పకమే నేఁటి విమానమనియు, మన పూర్వు లాకసమున నిజముగానే తిరిగిరనియు, గావ్యములందలి వింతలన్నియు మఱచిపోయిన శాస్త్రములనియు నీ పక్షమువారు వాదింతురు. దీనికిఁ దార్కాణముగాఁ జూపఁబడు గ్రంథము భరద్వాజునిపేర వెలసిన వైమానికశాస్త్రము. 1974లో బెంగుళూరు భారతీయవిజ్ఞానసంస్థకుఁ జెందిన శాస్త్రజ్ఞు లైదుగు రా గ్రంథమును బరిశీలించి, యందు వర్ణింపఁబడిన యంత్రము లెగురఁజాలవనియు, గ్రంథము 1904 కంటెఁ బ్రాచీనమైనది కాదనియుఁ దేల్చిరి. సంస్కృతవ్యాకరణమునఁ బరిశ్రమ చేసినవానికి యంత్రవిద్య తెలియకపోయినను వైదికభాష యేదో, నిన్నమొన్నటి యనుష్టుప్పు లేవో తెలిసికొనుట కష్టము కాదు. ఋషివాక్కున కుండు స్వరము, ప్రాచీనప్రయోగములు ఋషిపేరు వ్రాసినంత మాత్రమున రావు.

ఈ రెండు పక్షములును బైకి విరుద్ధములుగాఁ గనఁబడును గాని, వానికి మూల మొక్కటియే. జరిగియుండిననే కథకు విలువ యని యిరుపక్షములవారును దలఁచుచున్నారు. ఒకరు జరుగలేదు కావున బాఱవేయుదురు. ఒకరు పాఱవేయుటకు మనసొప్పక జరిగినదందురు. వాల్మీకి పుష్పకమును భావించెననుటలోఁ గవికిఁ గీర్తి యున్నది. ఎవరో చేసిన యంత్రమును జూచి వాల్మీకి వ్రాసికొనెననుటలో నా కీర్తి యెక్కడిది? కవిని లేఖకునిగాఁ జేయుట పూజ కాదు.

ఇఁక సిద్ధాంతము. పాణినీయమున సూత్రములు సంజ్ఞ, పరిభాష, విధి, నియమము, అతిదేశము, అధికారము అని యాఱు తెఱఁగులుగా విభజింపఁబడినవి. సంజ్ఞాసూత్రము పేరు పెట్టును. ఆ, ఐ, ఔలకు వృద్ధి యని పేరిడినపుడు "ఇవి నిజముగా వృద్ధియేనా" యని యే శిష్యుఁడు నడుగఁడు. ఈ పేరు శాస్త్రాంతము వఱకు నొక్కతీరుగా నడచుచున్నదా యని మాత్ర మడుగును. పరిభాష విధులు ప్రవర్తింపవలసిన మార్గమును నిర్ణయించును. నియమము లేనిచోట నియమమును గల్పించును. అధికారము తాను జెప్పఁబడిన చోటనుండి మేర వఱకుఁ గ్రింది సూత్రములన్నింటిపై నడచును. శాస్త్రకర్త కివి యన్నియు స్వేచ్ఛ. కాని స్వేచ్ఛ యొక్కసారియే. ఒకమాఱు చెప్పిన పిదప శిష్యుఁ డెట్లో కర్తయు నట్లే దానికి లోఁబడవలెను.

అద్భుతకథయు నిట్టిదే. కవి మొదట లోకమున లేనిదాని నొకదానిని బ్రతిజ్ఞ చేయును. అది యతని పరిభాష. దానిని బ్రశ్నించు నధికారము పాఠకునకు లేదు. కాని పిదప జరుగునదెల్ల నా పరిభాషకును లోకస్వభావమునకును లోఁబడియే జరుగవలెను. సంకటము వచ్చినప్పుడెల్లఁ గ్రొత్త మహిమను దెచ్చి నాయకుని దాఁటించు కవి, ప్రయోగము కుదురనపుడెల్లఁ గ్రొత్త సూత్రమును వ్రాసికొను వైయాకరణుని వంటివాఁడు. వానికి సాధింపరాని రూపము లేదు. కావుననే వాఁడు సాధించినదానికి విలువ లేదు.

కంభము చెఱువు నెఱిఁగినవారి కీ మాట సులభముగాఁ దెలియును. గుండ్లకమ్మ రెండు కొండల నడుమ నిఱుకైన దారిని దూఱిపోవుచోట విజయనగరరాజుల కాలమునఁ గట్ట వేసిరి, మహాతటాక మేర్పడినది. మనుష్యుఁడు కట్టినది యా చిన్న కట్ట మాత్రమే. కొండలు ముందే కలవు, నీరు నదిది. అద్భుతకవి కల్పించునదియుఁ గట్టంతయే. చుట్టు నున్న కొండలు లోకస్వభావము; వచ్చి నిండునది మనుష్యహృదయము. కట్ట దృఢముగా నున్న నేండ్ల తరబడి నీరు నిలుచును. దానికి గండి పడినచో నెంత వాన గురిసినను నిలువదు.

ఆంగ్లకథకులలో నీ మర్మమును స్పష్టముగాఁ జెప్పినవాఁడు హెచ్.జి. వెల్సు. 1933లో వెలువడిన తన శాస్త్రకల్పనల సంపుటపుఁ బీఠికలో, ఏదైనను జరుగవచ్చునన్నచో నేదియు రుచింపదనియు, నొక్క యద్భుతమును దెచ్చిన పిదప మిగిలినదంతయు సామాన్యముగా నుండవలెననియు నాతఁడు వివరించెను. ఫ్రెంచికథకుఁడగు జూల్ వెర్న్ 1903 ప్రాంతమున, తాను భౌతికశాస్త్రము ననుసరించి ఫిరంగిగుండులో మనుష్యులను జంద్రునివైపునకుఁ బంపితిననియు, వెల్సు గురుత్వాకర్షణమును ద్రోసిపుచ్చు లోహమును గల్పించెననియు నాక్షేపించెను. ఆ యాక్షేపము చెల్లదు. 1865లో వెర్న్ వ్రాసిన కథయందలి ఫిరంగినిండి నిజముగా వెడలినచో, నా వేగపుఁ దాఁకిడికి లోపలి మనుష్యులు తత్క్షణమే మరణింతురు. వారు బ్రదుకుదురనుటయే వెర్న్ పరిభాష. లోహ మెగురునుట వెల్సు పరిభాష. ఒకఁడు తన పరిభాషను శాస్త్రమని భ్రమించెను. మఱియొకఁడు పరిభాషగానే గుర్తించెను. భేద మింతియే.

ఈ నియమము పాశ్చాత్యులే కనిపెట్టినదని తలంపఁబనిలేదు. త్రిపురాంతకక్షేత్రమునకుఁ బేరు దెచ్చిన పురాణకథనే చూడుఁడు. తారకాసురుని కొడుకులు మువ్వురకు మయుఁడు స్వర్ణ రజత లోహమయములగు మూఁడు పురములు నిర్మించెను. అవి యాకసమునఁ దిరుగును. వేయేండ్ల కొక్కమాఱు మూఁడు నొక్కటిగాఁ గూడును. ఆ సమయమున నొక్క బాణమున మూఁటిని గొట్టఁగలవాఁడే వారిని జంపఁగలఁడు. ఇది పరిభాష. శివుఁడు సర్వశక్తుఁడే, కాని కథయం దాతఁడును ఆ ముహూర్తమునకై వేచియుండవలసినదే. పురములు గూడకమునుపే మూఁడవకంటితోఁ గాల్చివేసినచో మహిమ హెచ్చియుండెడిది, కథ నశించియుండెడిది. దేవుఁడును వరమునకుఁ గట్టుపడుటయం దీ కథాసౌందర్య మిమిడియున్నది.

నల్లమలలోని యహోబలమునకు సంబంధించిన నృసింహకథయు నిట్టిదే. ఎఱ్ఱాప్రగ్గడ యీ కథనే నృసింహపురాణమున విస్తరించెను. హిరణ్యకశిపుఁడు వరము గోరినది నిషేధపరంపరగా: నరునిచేఁ గాని మృగముచేఁ గాని, పగలు గాని రేయి గాని, యింట గాని బయట గాని, నేలను గాని నింగిని గాని చావు వలదని. ఆతఁడు మంచి శాస్త్రజ్ఞుఁడే, కాని పరిశేషన్యాయమును మఱచెను. నిషేధము లెన్ని చెప్పినను వానికిఁ జిక్కని దేదియో మిగులును. ఆ మిగిలినదియే నరసింహుఁడు; ఆ మిగిలినదియే సంధ్య, గడప, తొడ. వరమును దేవుఁడు భంగపఱుపలేదు, వ్యాఖ్యానించెను. ఒక్క నిషేధమును దప్పినను గథ యంతయు వ్యర్థమగును. పిల్లలు కూడ నీ కథ విన్నపుడు లెక్క సరిచూచుకొందురు. కావుననే యది కథగా నిలిచినది.

పురాణమునుండి ప్రబంధమునకు వచ్చినచో మనుచరిత్రమందలి పాదలేపము ముందు స్మరింపఁదగినది. సిద్ధుఁ డిచ్చిన పసరు కాళ్ళకుఁ బూసికొని ప్రవరుఁడు హిమాలయమునకుఁ బోయెను. ఇంతవఱకు వింత. కాని పసరు పసరే; మంచు మంచే. మంచునఁ దిరిగినవాని కాళ్ళ పసరు కరఁగిపోయినది. ప్రవరుఁ డింటికి రాలేక నిలిచెను, వరూధిని కనఁబడెను, కథ ప్రారంభమయ్యెను. పెద్దన యా లేపమునకు మంచున కరఁగని మహిమ నిచ్చియుండినచో మనకు మనుచరిత్రమే లేదు. అద్భుతపు శక్తి కాదు, దాని మేరయే కథకుఁ దల్లి. 1897లో వెల్సు రచించిన అదృశ్యమనుష్యుని కథయం దీ తత్త్వమే వేఱొక రూపమునఁ గనఁబడును. గ్రిఫి నను శాస్త్రజ్ఞుఁడు తన శరీరమును గనఁబడకుండఁ జేసికొనెను. కాని బట్టలు కనఁబడును; కావునఁ జలిలో దిగంబరుఁడై తిరుగవలెను. తిన్న యన్నము జీర్ణమగువఱకుఁ గనఁబడును. మంచుపైఁ బాదముల గుర్తులు పడును. సర్వస్వాతంత్ర్యము నిచ్చునని తలఁచిన శక్తియే వానిని వీథికుక్కకంటె దీనునిగాఁ జేసినది. ప్రవరునకు మంచుచేతను, గ్రిఫినునకుఁ జలిచేతను మేర యేర్పడుట చూచిన, నిరువురు కవులు నొక్క వ్యాకరణమునే చదివిరా యనిపించును.

ఇట్టి మేర లేనిచో నేమగునో మన జానపదకథలును, వానివంటి కథాసంపుటములును జూపును. మధిర సుబ్బన్నదీక్షితుల కాశీమజిలీకథల నొకప్పు డింటింటఁ జదివిరి. మణిసిద్ధుఁడు తన మణిమహిమచేఁ దెలిసికొని, మజిలీ మజిలీకి గోపబాలకునకుఁ గథ చెప్పు నేర్పాటు చక్కనిది. అది యొక దృఢమైన కట్ట. కాని లోపలి కథలలో శాపము, వరము, మంత్రము, గుళిక లొకదానివెంట నొకటి వచ్చుచుండును. ఒక గుళికచేఁ గలిగిన యిక్కట్టును మఱియొక గుళిక తీర్చును. ఆ సంపుటము చదువుచున్నంతసేపు వేడుక. మూసిన పిదప నే కథ యేదియో వేఱుపఱచుట కష్టము. నాయకునకు నిజమైన భయ మెచ్చటను లేకపోవుటయే యిందుకుఁ గారణము.

ఇఁకఁ గళాపూర్ణోదయము. కట్టమంచి రామలింగారెడ్డి 1914 నాఁటి కవిత్వతత్త్వవిచారమున దీనిని ముందుంచుకొనియే ప్రబంధరీతిని విచారించెను. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీని నాంగ్లమునకుఁ బరివర్తించిరి. కథాసంవిధానపు నేర్పును విమర్శకులు పెక్కండ్రు కొనియాడిరి. కాని యీ నేర్పునకు మూల మెక్కడ నున్నదో విచారింపవలసియున్నది. ఎనిమిదాశ్వాసముల యీ కావ్యమున వింతలు లెక్కకు మిక్కిలి కలవు: ఆకసమునఁ దిరుగు విమానము, సింహము నెక్కి పోవు సిద్ధుఁడు, ఒకరి రూపము నొకరు దాల్చుట, చంటిబిడ్డ పూర్వజన్మకథ చెప్పుట. మీఁదఁ జెప్పిన నియమమునుబట్టి చూచిన నిది కాశీమజిలీలకంటె హీనముగా నుండవలెను. అట్లు లేదు. ఏల?

ఈ వింతలన్నింటికిని మూలమైన పరిభాష యొక్కటియే యగుటచేత. బ్రహ్మ సరస్వతితోడి వినోదసమయమున నామె చేష్టలనే పాత్రలుగాఁ జేసి, చమత్కారముగా నొక కథ చెప్పెను. చెప్పినవాఁడు బ్రహ్మ, కావున నా మాట వ్యర్థము కారాదు. కథయందలి పదములు భూమిపై మనుష్యులై పుట్టవలసివచ్చెను. పలికిన పలుకు పదార్థ మగును: ఇదియే కళాపూర్ణోదయమునకుఁ గట్ట. శబ్దతత్త్వమే యర్థరూపమున వివర్తమొంది జగత్తగుచున్నదని భర్తృహరి వాక్యపదీయమునఁ బ్రతిపాదించిన సిద్ధాంతమునే సూరన కథగా నల్లెనని చెప్పవచ్చును.

దీనికి దృష్టాంతముగాఁ గళాపూర్ణుని జన్మమును బరిశీలింపవలెను. ఆతనికి సుముఖాసత్తి తండ్రి, మణిస్తంభుఁడు తల్లి. పురుషుఁడు స్త్రీయై కన్నాఁడు. స్త్రీ పురుషుఁడై తండ్రి యయ్యెను. పైపైఁ జదువువారి కిది వింతకొఱకు వింత. పదములను విడఁదీసి చూచిన వేఱుగాఁ దోఁచును. సుముఖాసత్తి యనఁగా సుందరముఖము చేరువ యగుట. మణిస్తంభ మనఁగా మణికంబము. ముఖము చేరువ యగుటచే మణికంబమునఁ గళలు నిండిన రూప మేర్పడెనని వాక్యార్థము. ఇందుఁ జేరుట బీజము, కంబ మాధారము. కావున నాసత్తి తండ్రి స్థానమున, స్తంభము తల్లి స్థానమున నుండవలెను. కాని యాసత్తి శబ్దము క్తిన్‌ప్రత్యయాంతము, స్త్రీలింగము. స్తంభశబ్దము పుంలింగము. మాటలలో నున్నంతవఱకు నీ విరోధము బాధింపదు. శబ్దలింగము వేఱు, వస్తులింగము వేఱని వైయాకరణులు సమాధానము చెప్పికొందురు. ఆ మాటలే మనుష్యులైనపుడో? స్త్రీలింగశబ్దము స్త్రీగాఁ బుట్టినది, పుంలింగశబ్దము పురుషుఁడుగాఁ బుట్టినది. వాక్యార్థము నెఱవేఱవలెనన్న వారిరువురును లింగములను మార్చుకొని తీరవలెను! ప్రపంచమందలి యద్భుతకథలలో వ్యాకరణలింగమునుండి యింతటి సంఘటనను బుట్టించినది మఱియొకటి కలదో లేదో. ఇందుఁ గవి స్వేచ్ఛగాఁ దెచ్చిన వింత లేదు. పరిభాష బలవంతముగాఁ దెచ్చిన ఫలమే కలదు.

మదాశయుఁ డను పేరును నట్టిదే. లోకులు మద + ఆశయ యని విడఁదీయుదురు. చెప్పినవాఁడు బ్రహ్మ యని తెలిసిన పిదప మత్ + ఆశయ, నా హృదయము అని విడఁదీయవచ్చును. సంధి వేఱైనను రూప మొక్కటే. వక్త మాఱిన నర్థము మాఱును. రాఘవపాండవీయమున రెండు కథలను నొక్క పద్యమునఁ బలికించిన చేయి యిందుఁ గనఁబడుచున్నది. అచ్చట శ్లేష పద్యమందుండెను. ఇచ్చట నది మనుష్యుల జీవితములందున్నది.

కథను జెప్పు క్రమమును శాస్త్రోచితముగానే యున్నది. పాణినీయమునఁ ద్రిపాదియందలి కార్యములు పూర్వశాస్త్రదృష్టికి అసిద్ధములు, అనఁగా లేనట్టివే. కళాపూర్ణోదయమున ద్వారకయందుఁ గలభాషిణి యుయ్యాల లూఁగుట మొదలుకొని జరుగు ప్రతిపనికిని గారణము బ్రహ్మ చెప్పిన కథలోనున్నది. కాని యది పాఠకునకు మిక్కిలి యాలస్యముగాఁ దెలియును. అంతవఱకు నది లేనట్టిదే. తెలిసిన పిదపఁ జదివినదంతయు మరల నర్థమగును. విస్మయము రెండవ పఠనమునఁ దగ్గుటకు మాఱుగా హెచ్చుట కిదియే హేతువు. మొదటిసారి "ఇది యేల జరిగెను" అని విస్మయము. రెండవసారి "ఇది యిట్లుగాక వేఱుగా జరుగనేర దుగదా" యని విస్మయము. మొదటిది గారడి చూచినవాని యాశ్చర్యము. రెండవది సూత్రము కుదిరినపుడు శాస్త్రజ్ఞునకుఁ గలుగు నాశ్చర్యము. నిలుచునది రెండవదియే.

పరిభాష మాత్రమున్నఁ జాలదు. అందు మనుష్యహృదయము నిండవలెనని ముందే చెప్పఁబడినది. సూరనయందు నీటికిఁ గొఱఁత లేదు. నలకూబరునిపై వలపుగొన్న కలభాషిణి రంభారూపము దాల్చి తాను గోరినవానిని జేరెను. కాని యాతఁడును నిజమైన నలకూబరుఁడు కాఁడు. ఆ రూపము దాల్చిన మణికంధరుఁడు. మాఱురూపము మాఱురూపమును గౌఁగిలించినది. నిజమైన రంభ వచ్చి కలహించినపుడు ఎవతె రంభ యని తేల్చుటకు రూపము సాక్ష్యము కాలేదు. నవ్వు పుట్టించు నీ సంఘటనలో లోఁతైన బాధ యున్నది: మఱియొకరి రూపమున వలపు సాధించిన వారికి దక్కినది యెవరి వలపు? శాలీనుని వృత్తాంతమున నీ ప్రశ్నయే తలక్రిందుగా వచ్చును. భార్య సర్వాభరణభూషితయై వచ్చినపుడు వానికి మనసు కలుగలేదు. తోఁటలో నగలు తీసివైచి పనిచేయుచుండఁగాఁ గలిగినది. అచ్చట మహిమ లేదు, మంత్రము లేదు. వింతల నడుమ నున్న యీ యకృత్రిమమైన ఘట్టమే కావ్యమునకుఁ బ్రాణము.

దోషములును జెప్పవలెను. వరములు సులభముగా లభించుట యిందును గలదు. రూపములను మార్చు శక్తికి మనుచరిత్రమందలి పసరున కున్నట్టి మేర యేదియుఁ గనఁబడదు. ఆ శక్తి కవికిఁ గావలసినపుడు వచ్చును. అంతకంటెఁ బెద్దది, శిశువగు మధురలాలస మణిమహిమచేఁ బూర్వకథ చెప్పి రహస్యమును విప్పిన పిదపఁ గథ సన్నగిలుట. పరిభాష తన పని ముగించినది. కవి మాత్రము ముగింపఁడు. వివాహములు, వర్ణనములు ప్రబంధపు వాడుక ననుసరించి సాగును. నీరు పాఱిన పిదపఁ గట్టపై నడచినట్లుండును. ఇంతటి నిర్మాణదక్షుఁ డిట్టి చోటఁ గాలపు రుచికి లొంగెననుట విచారకరమే యైనను సత్యము.

సూరన ప్రజ్ఞ కట్టి జోడు పాశ్చాత్యులలో వెదకినచోఁ గథకులకంటె ముందు భాషావేత్తయైన జె.ఆర్.ఆర్. టోల్కీన్ తోఁచును. 1937లో హాబిటు కథను, 1954–55లలో ఉంగరముల ప్రభువను బృహత్కథను వెలువరించిన యాతఁడు, కల్పితజాతులకు భాషలను, వాని వ్యాకరణములను, పదపరిణామములను ముందు కల్పించి, యా భాషలు మాటాడుటకై లోకమును గల్పించెను. 1939లో స్కాట్లండున నిచ్చిన యుపన్యాసమున, కల్పితలోకమునకుఁ దనదైన నియమములుండవలెననియు, నవి తప్పిన క్షణమున శ్రోత బయటఁ బడుననియు వివరించెను. అతఁడు పదములనుండి లోకమును బుట్టించెను. సూరన పదములనుండి మనుష్యులను బుట్టించెను. నాలుగు శతాబ్దుల యెడమున్న యీ యిరువు రొకరి నొక రెఱుఁగరు. కాని మాటకు వస్తువును బుట్టించు శక్తి కలదని నమ్మిన వైయాకరణచిత్తము రెండు తావుల నొకే ఫలము నిచ్చినది.

నవీనాంధ్రమున విశ్వనాథ సత్యనారాయణ హాహాహూహూ యీ మార్గముననే నడచినది. లండనునందలి ట్రఫాల్గరు కూడలిలో గుఱ్ఱపుముఖముగల గంధర్వుఁ డొకఁడు పడియుండెను. వింత యింతియే. అటుపిమ్మట నంతయు లండను నగరము నడచుకొనఁదగినట్లే నడచుకొనును. పండితులు వత్తురు, ప్రశ్నింతురు, వర్గీకరింపఁజూతురు. చూచువారు జంతువని తలఁచినవాఁడు వారికంటె నెక్కువ యెఱిఁగినవాఁడుగాఁ దేలును. గంధర్వుని బరీక్షించుటకు వచ్చిన నాగరకతయే పరీక్షకు లోనగును. కట్ట చిన్నది, నిండిన నీరు పెద్దది. మనకిట్టివి లేవనువారు దీనిని జదువవలెను.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. నియమములు, సూత్రములు, లెక్కలు చూచుకొని చదివినచో రసము చెడదా? శిశువు కథ వినునట్లు నిస్సందేహముగా వినుటయే యద్భుతాస్వాదము కాదా? ఆక్షేపము సమంజసమువలెఁ గనఁబడును గాని, శిశువే దీనికిఁ బ్రత్యక్షసమాధానము. కథ చెప్పు నవ్వ నిన్న "రాక్షసుని ప్రాణము చిలుకలో నున్నది" అని చెప్పి, నేఁడు చిలుక చావకుండ రాక్షసుని జంపి చూచునుగాక! "నిన్న నట్లు చెప్పితివి కదా" యని శిశువు నిలవేయును. చిలుకలోఁ బ్రాణ మెట్లుండునని శిశు వెన్నఁడు నడుగఁడు. చిలుక యుండఁగా రాక్షసుఁ డెట్లు చచ్చెనని తప్పక యడుగును. పరిభాషను బ్రశ్నింపక దాని భంగమును సహింపని యా శిశువే యుత్తమపాఠకుఁడు. పండితుఁడు చేయునది యా ప్రశ్నకు శాస్త్రభాష నిచ్చుట మాత్రమే.

కావున నద్భుతకల్పనను, అది నల్లమలదైనను సరే, లండనుదైనను సరే, పరీక్షింపఁగోరు పాఠకుఁడు మూఁడు ప్రశ్నలు వేసికొనఁదగును. కవి ప్రతిజ్ఞ చేసిన యసంభవ మెద్ది, యొక్కటియా, పెక్కులా? ఆ ప్రతిజ్ఞకుఁ గవి తుదివఱకుఁ గట్టుపడెనా? ఆ కట్టువలన నితరముగాఁ దెలియరాని మనుష్యధర్మ మేదైనఁ దెలిసెనా? మొదటి ప్రశ్నకు మాత్రమే నిలుచునది వినోదము. రెండవదానికిని నిలుచునది నిర్మాణము. మూఁటికిని నిలుచునది కావ్యము. జరిగెనా లేదా యను నాలవ ప్రశ్నకుఁ జోటు లేదు. కళాపూర్ణోదయము జరిగినదని యెవరును వాదింపలేదు. అందులకే దాని గౌరవము నిష్కళంకముగా నున్నది. మన పురాణకావ్యముల యద్భుతములకును ఆ గౌరవమునే కలిగింపవలెను. ఊహకుఁ జరిత్ర యని పేరు పెట్టినచోఁ జరిత్రకును ద్రోహము, నూహకును ద్రోహము. నంద్యాల ప్రభువు సూరనను సత్కరించినది యతఁడు చూచినది చెప్పినందులకుఁ గాదు. ఎవరును జూడనిదానిని దప్పులేకుండఁ జెప్పినందులకు.